మనోడిచ్చిన హైడ్రోజన్

ఒక బల్బును ఆర్పడానికి మనిషికి ఎంత పలుకుబడి ఉండాలో నన్నడగండి. స్విచ్చు నొక్కితే ఆరిపోయేదాన్ని, నేను ఏకంగా డాల్డా ఫ్యాక్టరీని కదిలించి, ఢిల్లీ పెద్దల ఎదుట ఆర్పాను.

సెల్‌ఫోన్ ఎత్తినందుకు కూడా డబ్బులు గుంజే రోజులవి. మేడ్చల్, శామీర్‌పేటలకు మా పత్రిక విలేకరిని నేను. ఆ ఉద్యోగంలో జీతం కన్నా ముందు ఒక జబ్బు వస్తుంది. ఎవరికి ఏం కావాలన్నా "మనోడున్నడు" అనేయడం.

తుర్కపల్లి దగ్గర ఒక చిన్న ప్రయోగశాలలో ఎస్తేరు పనిచేసేది. అలియాబాద్ అమ్మాయి, కెమిస్ట్రీలో డాక్టరేటు, నన్ను అన్నా అని పిలిచేది. హైడ్రోజన్ అందిస్తే పొగ లేకుండా కరెంటు ఇచ్చే ఫ్యూయల్ సెల్ ఒకటి తయారుచేసింది. దాన్ని చూడటానికి ఆ మధ్యాహ్నం ఢిల్లీ నుంచి పెద్దలు వస్తున్నారు. బల్బు వెలిగితే పని సాగుతుంది, లేకుంటే ప్రాజెక్టు మూత. వార్త కోసం నేను వెళ్లేసరికి ఆమె గేటు దగ్గర పరేషాన్‌గా నిలబడి ఉంది. హైడ్రోజన్ సిలిండర్ తెచ్చే లారీ దారిలో చెడిపోయిందట.

అడగందే అమ్మయినా అన్నం పెట్టదంటారు. నేను ఎవరూ అడక్కుండానే సిలిండర్ పెట్టే రకం.

మేడ్చల్ దారిలోని డాల్డా ఫ్యాక్టరీలో నర్సిరెడ్డి స్టోర్స్ చూసేవాడు. నూనెను గడ్డకట్టించడానికి వాళ్లకూ హైడ్రోజనే కావాలి. గ్యాస్ శుభ్రమైనదేనా అని మాటవరసకు అడిగాను.

"గిదేం మాటనే. గీ గ్యాస్‌తోని జేసిన డాల్డా ఊరంత తింటాంది. ఒక్కడన్న సచ్చిండా?"

నా పాత్రికేయ పరిశోధన అంతటితో ముగిసింది. సిలిండర్‌ను ట్రాలీ ఆటోలో పెళ్లికొడుకులా ఊరేగించుకుంటూ తెచ్చాను. ఎంత స్వచ్ఛమైనదని ఎస్తేరు అడిగితే, "మస్తు మాల్, పూచీ నాది" అన్నాను. పరీక్షించే వ్యవధి ఆమెకు లేదు. పెద్దల కారు అప్పటికే గేటు దాటింది.

బల్బు ధగధగా వెలిగింది. చప్పట్లు మోగాయి. నేను రెండో ఫొటోకు సిద్ధమయ్యేలోపు దానికి కామెర్లొచ్చినట్టు పచ్చబడింది. చూస్తుండగానే అగరొత్తి మొనంత అయింది.

ఎస్తేరు నా పక్కకొచ్చి మెల్లగా అడిగింది.

"అన్నా, గిది యాడ దెచ్చినవ్?"

"డాల్డా ఫ్యాక్టరీల."

ఆమె కళ్లు మూసుకుంది. ప్రార్థించిందో, నన్ను తిట్టుకుందో ఇప్పటికీ తెలియదు.

"గా గ్యాస్‌ల కార్బన్ మోనాక్సైడ్ ఉంటదే. జర్రంత ఉన్నా సాలు. లోపల ప్లాటినం మీద హైడ్రోజన్ కూసోని, పని జేసి లేవాలె. గిదేమో సికింద్రాబాద్ల బస్సు సీటు దొరికినోని లెక్క కూసుంటది. మేడ్చల్ దాక లేవది."

అంటూనే ఒక చిన్న వాల్వు వెంట్రుకవాసి తిప్పి, హైడ్రోజన్‌లోకి బుక్కెడు గాలి వదిలింది. ఆ గాలిలోని ఆక్సిజన్ ఆ మొండిఘటాన్ని కాల్చి సీటు ఖాళీ చేయిస్తుందట. నేను ఊపిరి బిగబట్టాను, ఉన్న గాలంతా సెల్‌కే పోనిమ్మని. బల్బు మెల్లగా కళ్లు తెరిచింది.

వచ్చినవారిలో పెద్దాయన ముచ్చటపడ్డాడు. వెలిగే బల్బులు చాలా చూశాం, చచ్చి లేచినదాన్ని ఇప్పుడే చూస్తున్నాం అన్నాడు. మురికి గ్యాస్‌ను తట్టుకునే సెల్ మీదే పనిచేయమని ప్రాజెక్టు పొడిగించారు.

కొన్నాళ్లకు ఎస్తేరు ఫోన్ చేసింది.

"అన్నా, గసొంటి పాడు గ్యాసే ఇంకో సిలిండర్ దొరుకుతదా? టెస్టులకు కావాలె."

నా జబ్బు తిరగబెట్టింది. నర్సిరెడ్డికి జరిగిందంతా చెప్పి, అదే గ్యాస్ మళ్లీ కావాలన్నాను. ముఖం మాడ్చుకున్నాడు గాని సిలిండర్ పంపాడు. మర్నాడు సాయంత్రం మళ్లీ ఎస్తేరు ఫోన్.

"ఏం దెచ్చినవే అన్నా? పొద్దుగాల సంది బల్బు ఎల్గుతనే ఉంది. ఎంత జూసినా తగ్గుతలేదు."

వెళ్లి నర్సిరెడ్డిని నిలదీశాను. ఆయన మీసం దువ్వుకున్నాడు.

"మల్ల మన ఇజ్జత్ పోవద్దని బయటికెళ్లి అసల్ మాల్ తెప్పిచ్చి పంపిన. ఇగ ఎవడేమంటడో సూద్దాం."

ఆ సాయంత్రమే, హైడ్రోజన్ మొదలుకొని యురేనియం వరకు ఏ మూలకాన్నీ తెలిసినవాళ్ల ద్వారా తెప్పించనని ఒట్టు పెట్టుకున్నాను. మంచిదైనా సరే, చెడ్డదైనా సరే.