ద్వారం పట్టని మద్రాసు

నేను బోగోలు హైస్కూల్లో భూగోళం చెప్పే రోజులవి. అరవై రెండో, అరవై మూడో సరిగ్గా గుర్తు లేదు. ఒకరోజు హెడ్మాస్టరు గారు టీచర్లందరినీ పిలిచి, స్కూల్లో ఎగ్జిబిషన్ పెడుతున్నామనీ, తలా ఒక వస్తువు తయారుచేసి తేవాలనీ చెప్పారు. నాకు చేతిపని అంటే భయం. ఇంటికి రాగానే నాయనను అడిగాను.

"బల్ల మీద తిరిగే చిన్న రైలుబండి చేసిస్తావా నాయనా?"

నాయన ముప్పై ఏళ్ళు బిట్రగుంట షెడ్డులో ఇంజను డ్రైవరు. రిటైరై ఏడాది దాటింది. పోవలసిన డ్యూటీ లేక అరుగు మీద కూర్చుని, కూత విని ఆ బండి ఎవరు తోలుతున్నారో చెప్పడమే అప్పటి ఆయన పని. నా మాట పూర్తికాకముందే లేచి నిలబడ్డాడు.

"చిన్నదెందుకమ్మా? బిట్రగుంట నుంచి మద్రాసు దాకా వేద్దాం."

ముందుగదిలో కుర్చీలు బయటికి పోయాయి. నాలుగు పీపాల మీద చెక్కలు పరిచి, మేకులు కొట్టి, నాలుగడుగుల వెడల్పున పెద్ద బల్ల చేశాడు. కిరసనాయిలు డబ్బాల రేకును సన్నగా కత్తిరించి పట్టాలు, వెదురు బద్దలతో స్లీపర్లు వేశాడు. పాలపొడి డబ్బా ఇంజనైంది. దాని కడుపులో చెడిపోయిన గోడగడియారం స్ప్రింగు పెట్టి, తాళం చెవితో తిప్పి వదిలాడు. ఇంజను రివ్వున పోయి, మొదటి మలుపులోనే పట్టాలు తప్పి, వంటింటి గడప దగ్గర పడింది.

అమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. నాయన మాత్రం నిజంగానే చిన్నబోయాడు.

"నా సర్వీసులో ఒక్క బండి పడలేదే!" అన్నాడు.

రెండు రోజులు మలుపుల దగ్గరే కూర్చున్నాడు. బయటి పట్టాను కాస్త ఎత్తు చేశాడు. జువ్వలదిన్నె నుంచి చేపలు తెచ్చే ఆమెను అడిగి, వలలకు కట్టే సీసపు గుండ్లు తెప్పించి ఇంజను అడుగున బిగించాడు. ఆ బరువుతో ఇంజను నిదానించి, బల్లంతా చుట్టి వచ్చి, బయలుదేరిన చోటే ఆగింది. చేపలామె చప్పట్లు కొట్టింది.

ఆ తర్వాత మద్రాసు మొదలైంది. అట్టముక్కలతో వరసగా రెండంతస్తుల మేడలు కట్టి, సున్నం పూసి, నాయన మా అత్తను పిలిచాడు. అత్తంటే నాయన అక్క. పెళ్ళి చేసుకోకుండా మద్రాసులో ఒక ఆసుపత్రిలో నర్సుగా చేసి, ఆరు నెలల ముందే మా ఇంటికి వచ్చేసింది. అక్కాతమ్ముళ్ళకు కొట్లాటలేమీ లేవు గాని, ఇన్నేళ్ళలో మాట్లాడుకునే అలవాటు తప్పిపోయింది. ఒకే ఇంట్లో ఉండి, భోజనానికి పిలుచుకోవడం తప్ప వేరే మాట ఉండేది కాదు.

అత్త కళ్ళజోడు పెట్టుకుని బల్ల చుట్టూ ఒకసారి తిరిగింది.

"ఇదేందబ్బాయా, కావలి బజారు మాదిరుండాది?"

"మద్రాసేనక్కా."

"మద్రాసు చూసినావా నువ్వు?"

"వారానికి రెండుసార్లు పోయినా గదా!"

"పోయినావులే. చూసినావా అని అడగతుండా."

నాయన జిగురు గిన్నె కింద పెట్టాడు. "బండి దిగేది, సంతకం పెట్టేది, రన్నింగ్ రూములో పడుకునేది, మళ్ళా బండెక్కేది. నిద్రే చాలేది కాదక్కా. చూడలా."

అత్త గొంతు మెత్తబడింది. "మౌంటు రోడ్డులో పద్నాలుగంతస్తుల మేడ కట్టినారు. అది లేకపోతే మద్రాసేంది?"

"పద్నాలుగా! చూడకుండా ఎట్ట కట్టేది?"

ఆదివారం తెల్లవారుజాము బండికి నాయనా, అత్తా, నేనూ బయలుదేరాం. ప్రయాణికుడిగా కూర్చోవడం నాయనకు చేతకాలేదు. కిటికీ ఊచ పట్టుకుని, "ఇప్పుడెయ్యాల బ్రేకు... ఇప్పుడు... ఆ, వేసినాడు, ఆలస్యంగా" అంటూ ఆ ఊచనే బ్రేకు పిడిలా గుంజుతున్నాడు. దొరవారిసత్రంలో ఎక్కిన పెద్దాయన కాసేపు చూసి, "చెయ్యేమన్నా తిమ్మిరెక్కిందా అన్నా?" అని అడిగాడు.

మేడ ముందు నిలబడి నాయన వేలితో అంతస్తులు లెక్కపెట్టాడు. తొమ్మిది దగ్గర తప్పిపోయి మళ్ళీ మొదటికొచ్చాడు. అత్త ఆయన నెత్తిన గొడుగు పట్టింది. సిగరెట్టు పెట్టె అట్ట మీద కిటికీలన్నీ గీసుకున్నాక, అత్త మమ్మల్ని ఒక సందులోకి తీసుకెళ్ళింది. ఒక పాత ఇంటి పైగది కిటికీ చూపించింది. ఎవరిదో తువ్వాలు ఆరేసి ఉంది.

"నేనుండింది ఆ గదిలోనే. మొదట్లో ఆదివారాలు నీ బండొచ్చే టయానికి కాఫీ పెట్టి నీకోసం ఎదురుచూసేదాన్ని. తర్వాత మానేసినా."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. మామూలుగానే చెప్పింది. నాయన ఆ కిటికీ వైపు చూస్తూనే అడిగాడు.

"స్టేషన్నుంచి ఎంతసేపు నడక?"

"పావుగంట."

"పదక్కా, కాఫీ తాగుదాం" అన్నాడు నాయన. మలుపులో ఉన్న హోటల్లో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని తలా రెండు కప్పులు తాగారు. తమ చిన్ననాటి మేకపిల్ల గురించి అత్త ఏదో చెప్పి, చెప్పేది పూర్తికాకుండానే నవ్వేసింది. ఆమె అలా నవ్వడం నేను చూడటం అదే మొదటిసారి.

ఆ మర్నాటి నుంచి మా ఇల్లు ఇల్లులా లేదు. అంతస్తుకు బెత్తెడు చొప్పున టీ పెట్టెల చెక్కతో మేడ లేచింది. జిగురుకు మైదా అంతా అయిపోయిందని సణుగుతూనే కిటికీలన్నీ అమ్మ కోసి పెట్టింది. ఏ వీధి ఎటు తిరగాలో అత్త చెప్పింది. బల్ల మీది సందులో ఆమె పాత గదికి నాయన ఒక టార్చిలైటు బల్బు పెట్టాడు. ఊరంతటిలో దీపం ఆ ఒక్క ఇంటికే.

ఎగ్జిబిషన్ రోజు పొద్దున ఎద్దులబండి వచ్చింది. నలుగురు పట్టి బల్లను లేపారు. గుమ్మం మూడడుగులు. బల్ల నాలుగు. పక్కకు వంచుదామంటే మేడ అడ్డం. మేడ పీకుదామంటే నాయన దాన్ని అడుగు నుంచి మేకులతో బిగించేశాడు. మేమంతా ఆయన వైపు చూశాం.

"ద్వారం సంగతి తట్టలేదమ్మా" అన్నాడు చిన్నగా.

విషయం విని హెడ్మాస్టరు గారే మా ఇంటికి వచ్చారు. తాళం తిప్పించుకుని బండి మూడు చుట్లు తిరిగేదాకా కదల్లేదు. "దీన్ని ముక్కలు చెయ్యొద్దండీ. పిల్లల్ని తరగతికొకసారి ఇక్కడికే పంపిస్తా" అన్నారు.

పిల్లలు వచ్చారు. వాళ్ళ వెనక తల్లులు వచ్చారు. చేపలామె తన వాడవాళ్ళందరినీ వెంటబెట్టుకొచ్చి, సీసం తనదేనని ప్రతి ఒక్కరికీ చెప్పింది. వాళ్ళలో ఒక ముసలామె మేడను కింది నుంచి పై దాకా చూసి అడిగింది.

"ఇంతెత్తున ఉండేవాళ్ళు నీళ్ళబిందె ఎట్ట మోసకపోతారమ్మా?"

"మోసేదేముంది? నీళ్ళు పంపులో పోతాయి. మనుషులు లిఫ్టులో పోతారు" అంది అత్త.

నాయన గిరుక్కున తిరిగాడు. "లిఫ్టుందా? లోపలికి పోయి చూడలేదే మనం!"

ఎగ్జిబిషన్ ముగిసిన రెండో రోజు అక్కాతమ్ముళ్ళిద్దరూ మళ్ళీ మద్రాసు బండెక్కారు. ఈసారి నన్ను రమ్మనలేదు. రాత్రికి వస్తారనుకుంటే మర్నాడు మధ్యాహ్నానికి వచ్చారు. లిఫ్టు నడిపే ఆయన్ను బతిమాలి పైదాకా ఎక్కారట, దిగి మళ్ళీ ఎక్కారట, అంతలో రాత్రి బండి దాటిపోయిందట. ఒకరి మాటకు ఒకరు అడ్డొస్తూ చెబుతుంటే అమ్మ అన్నం వడ్డించడం మరిచిపోయి నిలబడిపోయింది.