సిలిండర్ల గదిలో దీపం

మా అత్త మొన్న సోమవారం పొద్దున పోయింది. నేను కుప్పంలో పుట్టింట్లో ఉన్నాను. ఊపిరాడక ఆయాసపడిందని, మదనపల్లె ఆసుపత్రికి తీసుకుపోయేలోపే అంతా అయిపోయిందని మా ఆయన ఫోన్ చేశాడు. ఊపిరాడక అన్న మాట దగ్గరే లేచి గది కిటికీ తెరిచాను. ఆ భయం పాతది.

పుంగనూరులో మాకు చిప్స్, వేయించిన శెనక్కాయ గింజలు ప్యాక్ చేసే చిన్న షెడ్డు ఉంది. నేను కోడలిగా వచ్చిన కొత్తలో అత్త బెంగళూరు నుంచి నైట్రోజన్ సిలిండర్లు తెప్పించింది. ప్యాకెట్ మూతి అతికించే ముందు ఆ గ్యాస్ కొడితే లోపలి గాలి బయటికి పోతుంది. గాలి తగలకపోతే నూనె తొందరగా వాసన రాదు. కలికిరి, బి.కొత్తకోట అంగళ్ల నుంచి వెనక్కొచ్చే సరుకు తగ్గింది. మన ఇంట్లో తిననిది అంగట్లో పెట్టకూడదనేది అత్త. ఉప్పు ఎక్కువైతే వేయించినవాళ్ల చేతనే తినిపించేది.

అంత గట్టి మనిషికి ఆ సిలిండర్ల గదంటే మాత్రం బెదురు. రోజూ పొద్దున తలుపు తీసి, పళ్లెంలో దీపం వెలిగించి, గడప ఇవతలే నిలబడి పొడవాటి కర్రతో లోపలికి నెట్టేది. దీపం కాసేపు నిలిచి వెలిగితేనే మమ్మల్ని లోపలికి పోనిచ్చేది. నేను అది భక్తి అనుకున్నాను. మీ అమ్మ గ్యాసుకు కూడా పూజ చేస్తుందని మా ఆయన దగ్గర ఎగతాళి చేశాను కూడా.

ఉగాదికి రెండు రోజులు షెడ్డు మూశాం. తెరిచిన రోజు శుక్రవారం. తలస్నానం చేసి, ఆ పుణ్యమేదో నాకూ రానీ అని, దీపం నేనే పట్టుకుని లోపలికి నడిచాను. నాలుగు అడుగులకే దీపం కొండెక్కింది. పండగ మరునాడే అపశకునమా అనుకున్నాను. అగ్గిపుల్ల గీశాను. భగ్గుమని, వెంటనే ఆరిపోయింది. ఇంకోటి గీశాను. వాసన లేదు, పొగ లేదు, దగ్గయినా రాలేదు. మోకాళ్లు మాత్రం నావి కానట్టు అయ్యాయి. ఊపిరి బిగబట్టి వచ్చిన అత్త జడ పట్టి నన్ను బయటికి ఈడ్చింది.

నాకంటే ఆమే ఎక్కువ బెదిరిపోయింది. "దీపానికే సాలని గాలి నీకు యాడ సాల్తాదమ్మా?" అంది. పైపు అతుకు దగ్గర గ్యాస్ రెండు రోజులుగా కారుతూ ఉందట. ప్యాకెట్లో గాలిని తోసినట్టే గదిలో గాలినీ తోసేసింది.

మరి ముందే ఎందుకు చెప్పలేదని ఏడుస్తూ అడిగాను.

"సెప్తే ఎవురూ పనికి రారని బయపడి దాస్తినమ్మా. తప్పు నాదే."

ఆ పూటే పనివాళ్లందరినీ కూర్చోబెట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. మరునాడు ఇద్దరు రాలేదు. వాళ్లను ఏమీ అనలేదు. గాలి ఆడేలా ఆ గదికి తలుపు పీకించి కమ్మీల గేటు పెట్టించింది. దీపం మాత్రం మానలేదు. నాకు చాన్నాళ్లు కోపం ఉండింది. కానీ ఆ రోజు ఆమె బయటే నిలబడి కేకలు వేసి ఉంటే ఇప్పుడు ఈ నాలుగు మాటలు రాయడానికి నేను ఉండేదాన్ని కాదు.

కుప్పం నుంచి బస్సులో కిటికీ తెరిచి పెట్టుకునే వచ్చాను. అత్తను ముందు గదిలో పడుకోబెట్టి తలాపున దీపం పెట్టారు. గది నిండా జనం. గాలికి దీపం ఊగుతోందని, ఆరితే మంచిది కాదని, పెద్దవాళ్లు కిటికీ మూయమన్నారు. కిటికీ రెక్క పట్టుకున్నాను గానీ మూయలేకపోయాను. దాన్ని తెరిచే ఉంచి, దీపానికి రెండు చేతులూ అడ్డం పెట్టి ఆమె తల దగ్గర కూర్చున్నాను.