బోర్డు మీద నా బ్రౌన్ స్కర్టులు

అబిడ్స్‌లో ఒక సందులో ఉన్న ఆడవాళ్ల రెడీమేడ్ బట్టల షాపులో ఆరేళ్లుగా పని చేస్తున్నాను. నా పని మడత పెట్టడం. కస్టమర్లు విప్పి చూసి వదిలేసిన బట్టలు మళ్లీ మడిచి అరల్లో సర్దాలి. కౌంటర్‌లో నిలబడి బట్టలు చూపించే పని ఇమ్మని అడిగినప్పుడల్లా సేటు ఒకటే మాట అనేవాడు.

"నీకు సదువు రాదు గదమ్మా. సైజు చీటీ ఎట్ల సదువుతవ్?"

ఆ మాట పడలేకే నలభై ఎనిమిదేళ్ల వయసులో నాంపల్లిలో మా బస్తీ పక్కన సాయంత్రం బడికి పోయాను. రెండేళ్లు పట్టింది. తెలుగు చదవడం వచ్చింది, సైజు చీటీల మీది ఇంగ్లిష్ అక్షరాలు కూడా వచ్చాయి. వెళ్లి మళ్లీ అడిగాను.

"సూద్దాంలే" అన్నాడు సేటు, ఫోన్ నుంచి తల ఎత్తకుండా.

అప్పుడే షాపులోకి బ్రౌన్ స్కర్టుల లాట్ ఒకటి దిగింది. నెల రోజులు ఎవరూ ముట్టుకోలేదు. మట్టి రంగు అని మూతి తిప్పుకుని పోయేవారు. నాకు మాత్రం అవన్నీ ఒకే రంగుగా కనబడలేదు. ఊరు వదిలి వచ్చిన కొత్తలో బిల్డింగ్ పనులకు పోయి మట్టీ ఇటుకలూ మోసినదాన్ని. తడి మట్టి వేరు, ఎండిన మట్టి వేరు, కాలిన ఇటుక వేరు. ఆ లాట్‌లో కాఫీ పొడి రంగు ఉంది, బెల్లం రంగు ఉంది, నల్లగా మాడిన రొట్టె రంగు కూడా ఉంది.

ఒకరోజు ఒకామె వచ్చింది. ఫ్యామిలీ కోర్టులో విడాకుల కేసు, మర్నాడే వాయిదా. ఏం కట్టుకుని పోవాలో తెలియక అరగంట నుంచి అద్దం ముందు నిలబడి ఉంది. మడత పెడుతున్న చేతులతోనే మాడిన రొట్టె రంగు స్కర్టు తీసి ఇచ్చాను. పాదాల దాకా వస్తుంది, కుచ్చులు తక్కువ. దాని మీదికి లేత నీలం పొడుగు చేతుల కుర్తా.

"మెరిసేటియి వద్దు బిడ్డా. జడ్జి నీ కాయితాలు సూడాలె, నీ బట్టలు గాదు."

ఆమె నవ్వింది. ఆ ఉదయం నుంచి నవ్వి ఉండదు. రెండూ తీసుకుంది.

తర్వాత ఎవరు అద్దం ముందు తికమకపడినా నోరు ఆగేది కాదు. నుమాయిష్ ఎగ్జిబిషన్ చూడ్డానికి పోయే పిల్లకు జేబులున్న బెల్లం రంగు స్కర్టు. ఆ గ్రౌండ్ దుమ్మంతా పడినా కనబడదు, పైన తెల్ల టీ షర్టు చాలు. రిసెప్షన్‌కు పోయేవాళ్లకు పట్టులా మెరిసే చాక్లెట్ రంగు, దాని మీదికి ఆవపిండి రంగు జాకెట్టు, చెవులకు పెద్ద బుట్టలు. ఆఫీసుకైతే మోకాలు దాటిన కాఫీ పొడి రంగు, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా. ఎవరికైనా చివర ఒకటే చెప్పేదాన్ని. గడప దాకా రండి, ఎండలో చూడండి. మా షాపు పసుపు లైట్ల కింద ఎర్ర మట్టి కూడా కాఫీ పొడిలాగే కనబడుతుంది.

లాట్ సగానికి పైగా అమ్ముడుపోయింది. ఒక మధ్యాహ్నం సేటు కోడలు ఫోన్ పట్టుకుని వచ్చి నా పక్కన కూర్చుంది.

"ఆంటీ, ఏ స్కర్టు దేనికో జర మెల్లగ చెప్పుండ్రి. రికార్డు చేస్తున్న."

కౌంటర్ పని ఇచ్చే ముందు పరీక్ష పెడుతున్నారనుకున్నాను. గంటసేపు చెప్పాను. నా బుద్ధిని ఏమనాలి!

రెండు వారాలకు అద్దం పక్కన బోర్డు వెలసింది. పైన ఇంగ్లిష్, కింద తెలుగు. చేతిలోని బట్టలు పక్కన పెట్టి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివాను. కోర్టు, నుమాయిష్, రిసెప్షన్, ఆఫీసు. మెరిసేవి వద్దు అన్న మాట కూడా నాదే. కింద మాత్రం "మా డిజైనర్ మేడమ్ సలహాలు" అని ఉంది. పక్కన కోడలి ఫొటో. ఎండలో చూడమన్న మాట ఎక్కడా లేదు. దాని చోట "బట్టలు షాపు బయటికి తీసుకుపోరాదు" అని రాశారు.

"మేడమ్, గివన్ని నేను చెప్పినయే గదా?" అన్నాను.

"మాటలు అందరియి ఆంటీ. మీ ఫొటో పెడితే ఎవరు కొంటరు చెప్పుండ్రి?" అని నవ్వింది. పక్కన బిల్లు కొట్టే అమ్మాయి కూడా నవ్వింది.

"ఎండల సూడమన్నది ఎందుకు తీసేసిన్రు?"

"మామయ్య వద్దన్నడు. బయటికి తీస్కపోతే మాయం జేస్తరంట."

  ఆ బోర్డు పీకి రోడ్డు మీద పారేయాలనిపించింది. పని పోతుందని ఆగాను. అట్లా ఆగినందుకు నా మీద నాకే ఇంకా మండుతోంది.

పదిరోజులు తిరక్కుండా ఒక పిల్ల స్కర్టు కవరు తెచ్చి కౌంటర్ మీద విసిరింది. నేను సెలవు పెట్టిన రోజు, బోర్డు చదువుకుని, షాపు పసుపు లైట్ల కింద ఆఫీసుకు చెప్పిన కాఫీ పొడి రంగే అనుకుని కొన్నదట. బషీర్‌బాగ్‌లో ఇంటర్వ్యూకు వేసుకుని పోయింది.

"ఆటో దిగి చూస్కుంటే ఎర్రగున్నది! మెట్ల మీద నిలవడ్డోళ్లు పెండ్లికి వచ్చినవా అని నవ్విన్రు. లోపలికి పోంగనే ఏం మాట్లాడాల్నో మర్చిపోయిన."

సేటు ఒక్క క్షణం తడుముకోలేదు. వేలు నా వైపు చూపించాడు.

"మా ఆంటీ చెప్పిందమ్మా అవన్ని. సదువుకోని మనిషి, రంగులు తెల్వయ్."

మెచ్చుకుంటే సలహాలు కోడలివి, తిడితే నావి. ఆరేళ్లలో మొదటిసారి షాపులో గొంతు ఎత్తాను.

"నేను జెప్పింది ఎండల సూడమని, సేటూ! అది తీసేయించింది నువ్వు. నాకు సదువు రాదంటున్నవ్ గదా, ఆ బోర్డు ఇప్పుడే సదువుతా, ఇనుకో!"

మొత్తం చదివాను, కింద ఉన్న డిజైనర్ మేడమ్ మాటతో సహా. రెండు చోట్ల తడబడ్డాను. షాపులో ఎవరూ నవ్వలేదు. సేటు ఆ పిల్లకు డబ్బులు వాపసు ఇచ్చి పంపేసి, నాతో "పోయి పని చూస్కో" అన్నాడు. ఆ పిల్ల పోగొట్టుకున్న ఉద్యోగం గురించి ఎవరూ నోరెత్తలేదు.

మర్నాటి నుంచి మడత మాత్రమే పెడుతున్నాను. అద్దం ముందు ఎవరు తిరిగి చూసినా తల ఎత్తను. అది తేలికనుకోవద్దు. తప్పు రంగు పట్టుకుని బిల్లు దగ్గరికి పోతున్న మనిషి కనబడితే, మడిచిన బట్టనే విప్పి మళ్లీ మడుస్తాను. వాళ్లు నాకేం చేశారు పాపం!

మొన్న కొత్త లాట్ వచ్చింది. కోడలు మళ్లీ ఫోన్ పట్టుకుని వచ్చి పక్కన కూర్చుంది.

"ఆంటీ, ఈ తేనె రంగుది దేని మీదికి బాగుంటది?"

"కౌంటర్ల నన్ను నిలవెట్టుండ్రి మేడమ్. గాడ నిలవడి, కొనేటోళ్లకే చెప్త."

"మామయ్యను అడగాలె."

"అడుగుండ్రి. నాకేం తొందర లేదు."

ఫోన్ మూసుకుని వెళ్లిపోయింది. తేనె రంగు స్కర్టులు ఇరవై, అట్లాగే అరలో ఉన్నాయి. ఇంతవరకు ఒక్కటీ అమ్ముడుపోలేదు. సేటు రోజుకు రెండుసార్లు వచ్చి వాటి వైపు చూస్తాడు, తర్వాత నా వైపు చూస్తాడు. నేను మడత పెడుతూనే ఉంటాను.