గడి రాళ్ల గుడి

మంథని అవతల మా ఊరి కతోలిక గుడి కట్టింది దొర గడి రాళ్లతో. కోటలాంటి ఆ ఇంటి కోసం రాళ్లు గుట్ట దిగినప్పుడు కిష్టవ్వ చిన్నపిల్ల. గడికి కమాను కట్టించడానికి దొర మాదిగవాడ మొత్తాన్ని వెట్టికి పట్టాడు. రాయి జారి కిష్టవ్వ తండ్రి లచ్చయ్య ఛాతీ మీద పడింది. శవాన్ని పక్కకు జరిపి పని సాగించారు.

పోలీసు యాక్షన్ నాటికి దొర హైదరాబాదు చేరాడు, గడి పాడుబడింది. వాడలోకి ఫాదరు వచ్చి తాటికమ్మల పాకలో పూజ మొదలుపెట్టాడు. కిష్టవ్వకు క్రిస్తీనమ్మ అని పేరు పెట్టాడు గాని, ఆ పేరుతో ఎవరూ పిలవలేదు.

యాభై ఎనిమిదిలో గుడి పని మొదలైంది. గడి రాళ్లు తీసుకోవడానికి దొర ఒప్పుకున్నాడు. కమానును విప్పి, రాయి రాయికీ గుర్తు పెట్టి, గుడి ముందు ద్వారంగా మళ్లీ నిలబెట్టారు. మూరెడు మందం గోడలు, నిలువుగా పొడుగాటి కిటికీలు, పైన శిలువ. గానుగలో తిప్పిన సున్నాన్ని ఆడవాళ్లు తట్టలతో మోశారు. మగడు పోయి ఒంటరిదైన కిష్టవ్వ అందరికన్నా ముందు వచ్చేది. "మా బాపు మోసిన రాళ్లు దేవునికి అక్కరకొచ్చినయ్" అని సంబరపడేది.

ఒకరోజు మేస్త్రీ దశరథం కమాను మీద నాపరాయి పలక బిగిస్తున్నాడు. దాని మీద ఏం రాసుందని కిష్టవ్వ వాడలో జపాలు నేర్పే ఉపదేశి అబ్రహాంను అడిగింది.

"గీ గుడికి దానమిచ్చింది దొరగారు అని ఉన్నదే."

తట్ట అక్కడే దించి ఆమె ఫాదరు దగ్గరికి పోయింది.

"దొర ఏమిచ్చిండు ఫాదరు? ఒక్క రాయన్న మోసిండా? మా బాపు ఆ రాళ్ల కింద సచ్చిండు."

"క్షమించమని ప్రభువు చెప్పారు కదా, కిష్టవ్వా."

"క్షమించుడు నా పని, నేను జూసుకుంట. దొర పేరు చెక్కేముందు నువ్వెవల్ని అడిగినవ్?"

పైకప్పుకు టేకు దూలాలు కూడా దొరే ఇస్తానన్నాడని ఫాదరు నచ్చజెప్పాడు. ఆమె వినలేదు. ఆమెతో పాటు సున్నం మోసే సంతోషమ్మతో మొదలై ఆడవాళ్లందరూ తట్టలు దించారు. కలిపిన సున్నం కుప్పలోనే గట్టిపడింది. ఫాదరు పక్క ఊళ్ల నుంచి కూలీలను పిలిచాడు. సంగతి తెలిసి వాళ్లూ రాలేదు. చివరికి పలక దింపించాడు.

దొర దూలాలు ఇవ్వలేదు. రెండు వానాకాలాలు సగం గుడి మీద తాటికమ్మలే. పూజలో తడిసినవాళ్లు కిష్టవ్వను తిట్టారు. "నీ కోపానికి మా పిల్లలకు జరమొచ్చింది" అని సంతోషమ్మే అన్నది. ఆ మాటకు కిష్టవ్వకు దొర మీద కన్నా ఎక్కువ కోపం వచ్చింది. "వెట్టి జేసినప్పుడు తడువలేదా మీరు?" అన్నది. ఇద్దరి మధ్యా మాటలు తెగిపోయాయి. ప్రతి ఆదివారం ఆమె వచ్చి, నీళ్లు కారే చోటే మోకరించేది.

తర్వాత వాడవాళ్లే చందాలు వేసుకుని పెంకులు కప్పించారు. ఫాదరు బదిలీ మీద పోతూ ఆమె గుడిసె ముందు ఆగాడు.

"ఇంకా కోపమేనా, కిష్టవ్వా?"

"నువ్వు పలక తీసింది అది పెట్టుడు తప్పని తెలిసి కాదు, సున్నం పాడైతున్నదని. పోయి రా ఫాదరు. పైలం."

అరవై ఏడులో చనిపోయేదాకా ఆమె ఈ మాట మార్చలేదు.