ఎర్ర డబ్బాలో పది తూటాలు

మా అన్నకు కొత్త బోల్టు రైఫిలు వచ్చిన వారమంతా ఇల్లు జాతరలా ఉంది. వచ్చినవాడల్లా దాన్ని ఎత్తి చూడడం, భుజానికి ఆనించి ఒక కన్ను మూయడం, ఫొటో దిగడం. కొత్త కోడలిని చూడడానికి కూడా అంతమంది రారు. నాకు తుపాకులంటే గిట్టకపోవడమేమీ లేదు. కాలేజీలో ఎన్‌సీసీలో ఉన్నప్పుడు చిన్న రైఫిలుతో గురి కొట్టి కప్పు గెలిచినదాన్ని. ఇప్పుడు పాలకుర్తి దగ్గర సర్కారు బడిలో పీఈటీ టీచరును. నాకు రోత పుట్టించేది తుపాకీ పట్టుకోగానే మగవాళ్ల మొహాల్లోకి వచ్చే వెకిలి వెలుగు. మా అన్న మొహంలోకైతే అది వచ్చి మళ్లీ పోనేలేదు.

అన్న పేరు అడవిపందులను కాల్చడానికి అనుమతి ఉన్న షూటర్ల జాబితాలో ఉంది. చేలు పాడవుతున్నాయని పంచాయతీ వాళ్లు కాగితం రాసిస్తే పోయి కాల్చి రావాలి. అంతవరకే అతని పని. కానీ అన్న దాన్ని రాజకీయానికి మెట్టు చేసుకున్నాడు. పంది పడ్డ ప్రతి ఊళ్లో ఒక వీడియో, ఒక శాలువా. నాయిన నాటి పాత తుపాకీ వీడియోలో బాగా కనబడదని ఈ కొత్తది తెచ్చుకున్నాడనే నా అనుమానం.

"చెల్లె, ఆయితారం జర క్వారీ కాడికి రా. మూడు రకాల తూటాలు తెచ్చిన. ఏది సక్కగ పోతదో నువ్వే జూడాలె. మావోళ్లకు కొలుసుడు రాదు" అని ఫోన్ చేశాడు.

పని మాత్రం మంచిదే. ఏ రైఫిలూ అన్ని కంపెనీల తూటాలనూ ఒక్క తీరుగా కాల్చదు. దానికి ఒకటి నచ్చుతుంది, ఇంకొకటి నచ్చదు. ఏది నచ్చుతుందో కాల్చి చూస్తే తప్ప తెలియదు. పందికి గుండె ఉన్న చోటు చిన్న గిన్నెంత. అక్కడ తగిలితే ఉన్నచోటే పడుతుంది. అరచెయ్యంత పక్కకు పోయిందంటే కడుపులో తగిలి ఉరుకుతుంది. దెబ్బ తిన్న పంది మక్కచేనులో దాగి ఉంటే, తెల్లారి ఆ చేలోకి దిగే మనిషి ప్రాణం గాలిలో దీపమే. అందుకే ఒప్పుకున్నాను.

చిల్పూర్ అవతల మూతపడ్డ కంకర క్వారీ అది. ఠాణాలో ముందే చెప్పి పెట్టామన్నాడు అన్న. తూటాలను ఆపడానికి వెనక పెద్ద మట్టికుప్ప ఉంది. అన్న వెంట ఎప్పుడూ తిరిగే నలుగురు తెల్లచొక్కాల వాళ్లు నాకంటే ముందే వచ్చి, అన్న పుట్టినరోజు ఫ్లెక్సీని తిరగేసి కర్రలకు కట్టారు. అదే టార్గెట్ అట. ఫ్లెక్సీ సాగుతుంది, తూటా దూరిపోగానే రంధ్రం ముడుచుకుంటుంది, పక్కన నిలబడినా కనబడదు. దాన్ని విప్పించి, బడి నుంచి తెచ్చిన చార్టులు అట్టకు అంటించాను. గురి కోసం ఒక్కో చార్టు నడుమ నా బ్యాగులోని బొట్టుబిళ్ల ఒకటి పెట్టాను. లాంగ్‌జంప్ టేపుతో అరవై మీటర్లు కొలిచి, రైఫిలు కదలకుండా ఆనించడానికి వడ్లబస్తా వేయించాను.

"గింత దూరమేంది మేడం, జర దగ్గర వెట్టున్రి, అన్నీ మంచిగ తాకుతయి" అన్నాడు తెల్లచొక్కాల్లో ఒకడు. జవాబులు బోర్డు మీద రాసి పరీక్ష పెట్టమనే రకం.

మేము మొదలుపెట్టే వేళకు ఒక అవ్వ ఆటో దిగి ఎండలో నడుచుకుంటూ వచ్చింది. భూపాలపల్లి అవతల అడవి అంచున ఊరు. రెండు బస్సులు మారి అన్న ఇంటికి పోతే క్వారీ కాడ ఉన్నాడని చెప్పారట. పంచాయతీ ఇచ్చిన కాగితం కొంగున ముడి వేసి ఉంది.

"ఫోన్ జేస్తే అన్న ఎత్తుతలేడు బిడ్డా, గందుకే నేనే వచ్చిన. రెండెకరాలు కౌలుకు వట్టిన. సగం మక్క పండవెట్టినయి పందులు. ఇయ్యాల రాకుంటే ఇగ కోసుకునేది ఏముండది" అంది నాతో.

అన్న తల తిప్పకుండానే, "కారు కాడ నీడకు కూసో అవ్వా, అయిపోతది" అన్నాడు. నలుగురిలో ఒక్కడూ ఆమెకు గుక్కెడు నీళ్లు ఇవ్వలేదు. నా సీసా ఇచ్చి కూర్చోబెట్టాను.

రకానికి ఐదు తూటాలు, నడుమ గొట్టం చల్లారేదాకా ఆగి తుడవాలి అని చెప్పాను. ముందు అట్టరంగు డబ్బా. అన్న కాల్చాడు. ఒకటి పైన, ఒకటి కింద, రెండు చార్టు అంచున. ఐదోది చార్టుకే తగల్లేదు. తర్వాత నీలం డబ్బా. ఐదూ చార్టు మీదే పడ్డాయి గానీ ఈ చివరి నుంచి ఆ చివరికి నా అరచెయ్యి చాలలేదు. "ఎండకు కండ్లు సెదిరినయి" అన్నాడు అన్న. ఆఖరున ఎర్ర డబ్బా. దగ్గరికి పోయి చూస్తే ఐదు రంధ్రాలూ ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉన్నాయి. పైన ఒక గారె పెడితే ఐదూ కనబడవు. ఎండా లేదు, కన్నూ లేదు, తేడా అంతా తూటాలదే. అట్లాంటి గురి చూసి చాలా ఏళ్లయింది, సంతోషం పట్టలేకపోయాను.

అక్కడితో ఆగాల్సింది. దుకాణంలో ఎర్ర డబ్బావి పదే దొరికాయని అన్న పొద్దున్నే చెప్పాడు. ఐదు పోయాయి, ఐదున్నాయి. అవి ఆ అవ్వ చేనుకు.

"అన్నా, ఇంకోపారి కొట్టున్రి, వీడియో తీస్త" అన్నాడు ఒక తెల్లచొక్కా. అన్న చొక్కా సర్దుకుని, నల్ల కళ్లద్దాలు పెట్టుకుని మరీ కాల్చాడు. నల్లద్దాలతో గురి చూసేవాణ్ని చూడడం అదే మొదటిసారి. ఫోను సరిగా పట్టలేదని ఇంకోసారి, పొగ కనబడలేదని ఇంకోసారి. మూడు పోయాయి. నేను పక్కనే ఉండి వద్దనలేదు. ఎందుకో నాకే తెలియలేదు. ఆ తర్వాత అన్న రైఫిలు నా వైపు చాపాడు.

"నువ్వు గొట్టు చెల్లె. నీ సెయ్యి ఇంక ఉన్నదా పోయిందా జూద్దాం."

ఆ మాట కోసమే పొద్దుటి నుంచి కాచుకుని ఉన్నానని అప్పుడు తెలిసింది. పడుకుని, ఊపిరి సగం వదిలి, రెండు కొట్టాను. రెండూ బొట్టుబిళ్లలోనే. తెల్లచొక్కాలు చప్పట్లు కొట్టారు. పొద్దుటి నుంచి ఎవరిని అసహ్యించుకున్నానో వాళ్ల చప్పట్లకే నేను పొంగిపోయాను. లేచి డబ్బాలో చూస్తే ఖాళీ.

దుకాణానికి ఫోన్ చేయించాను. మళ్లీ సరుకు వచ్చేసరికి పదిరోజులు పడుతుందన్నారు. అన్న నీలం డబ్బా జేబులో వేసుకున్నాడు.

"అన్నా, గవి వద్దు. చార్టు చూసినవు కదా" అన్నాను.

"జర అటుఇటు అయితది, ఏమైతది? పంది గింత పెద్దగుంటది. నువ్వు ఊకె బడి పంతులు లెక్క జేస్తవు."

అవ్వకు మా మాటలు వినబడలేదు. అందరూ లేవడం చూసి నా దగ్గరికే వచ్చింది. తుపాకీ పట్టిన వాళ్లను వదిలేసి, కొలిచినదాన్ని నన్ను అడిగింది.

"సక్కగ తాకుతదా బిడ్డా?"

అన్న నా వైపు చూశాడు. తెల్లచొక్కాలూ చూశారు. తాకదు అవ్వా, పదిరోజులు ఆగు అనాలి. ఆగితే ఆమెకు చేను మిగలదు. ఎందుకు ఆగాలి అని అడిగితే, మంచి తూటాలు మా సరదాకు కాల్చుకున్నాం, ఆఖరి రెండూ నేనే కాల్చాను అని చెప్పాలి.

"తాకుతది అవ్వా" అన్నాను.

ఆమె అన్న కారులోనే సంబరంగా ఊరికి పోయింది.

మరునాడు బడిలో ప్రార్థన అయ్యే వేళకు తెల్లచొక్కా ఒకడు ఫోన్ చేశాడు. నిన్న మాపటికే పంది చేలోకి దిగిందట, అన్న కాల్చాడట, కడుపులో తాకి అది మక్కలోకే ఉరికిందట. కాల్చినవాడు పందిని చూడందే చేను వదలకూడదు. మా నాయిన ఏనాడూ వదల్లేదు. అన్న మాత్రం "పడ్డది, పొద్దుగాల ఎతుక్కోన్రి" అని చెప్పి, మహబూబాబాద్‌లో ఎవరిదో పెళ్లి ఉందని వెళ్లిపోయాడు. తెల్లవారగానే అవ్వ ఒక్కతే చేలోకి దిగింది. పంది ఇంకా చావలేదు.

భూపాలపల్లి దవాఖానలో చూశాను ఆమెను. తొడ నుంచి మోకాలు దాకా కట్టు. కాలు నిలుస్తుందో లేదో ఇప్పుడే చెప్పలేమన్నారు డాక్టరు. అన్న వచ్చి పోయాడట, పళ్లిచ్చి, ఫొటో దిగి. ఆ ఫొటో అప్పటికే నా ఫోనుకూ వచ్చింది.

నన్ను చూడగానే అవ్వ మొహం విచ్చుకుంది. పక్క మంచం దగ్గర కూర్చున్న ఆడమనిషితో, "గీ మేడమే తుపాకి కొలిసి జూసింది. సదువుకున్న పిల్ల" అని గొప్పగా చెప్పింది.

"మరి ఎట్ల తప్పిందమ్మా?" అని ఆ మనిషి నన్ను అడిగింది.

నిజం చెప్పడానికి అంతకంటే మంచి అదను ఇంకెప్పుడూ రాదు. అవ్వ నా వైపే చూస్తోంది.

"పంది కదిలిందక్కా" అన్నాను.

"కదలదా మరి? దాని పానం దానికి తీపి గాదా" అంది అవ్వ.

నా మీద నాకు అంత రోత ఎన్నడూ పుట్టలేదు. అన్నకు కనీసం తన పని చెడ్డదని తెలియదు; నాకు సెంటీమీటర్లతో సహా తెలుసు. లేచి వెళ్లబోతుంటే అవ్వ నా చెయ్యి పట్టుకుంది.

"ఇంక రెండు పందులున్నయి బిడ్డా. మీ అన్నను జల్ది తోలియ్యి. గీసారి నువ్వు గూడ రా. నువ్వుంటే నాకు ధైర్నం."

సరేనవ్వా అన్నాను.