నా ఫోన్ బిజీగా ఉన్నంతసేపు

మా ఊళ్ళో ఎవరికి ఏం ముంచుకొచ్చినా 108కి ఫోన్ చేసేది నేనే. ఇది నేను కోరి నెత్తిన వేసుకున్న పని కాదు. వెనకటికి మా కిరాణా కొట్టులో కాయిన్ బాక్స్ ఫోన్ ఉండేది. 108కి రూపాయి బిళ్ళ వేయకుండానే కలిసేది కాబట్టి పాము కరిచినా, పురిటి నొప్పులొచ్చినా, బండి మీద నుంచి పడినా అందరూ మా కొట్టుకే పరిగెత్తుకొచ్చేవాళ్ళు. ఆ పెట్టె పోయి ఏళ్ళయింది. ఇప్పుడు ఇంటికి మూడు సెల్‌ఫోన్లు. అయినా చేతిలో ఫోన్ పట్టుకుని మరీ నా దగ్గరికే వస్తారు.

"నీ చేతిలో ఉన్నదేంది నాయనా, ఇటుక రాయా?" అని అడుగుతాను.

"వాళ్ళు ఏందేందో అడుగుతారత్తా. నువ్వైతే గబగబా చెప్తావు."

అసలు సంగతి వేరు. ఫోన్ చేసినవాళ్ళ నంబరు రాసుకుంటారని, రేపు కేసైతే సాక్షిగా స్టేషన్ చుట్టూ తిరగాల్సి వస్తుందని వాళ్ళ భయం. నేను తిరిగితే ఫరవాలేదన్నమాట. నాకు యాభై ఎనిమిదేళ్ళు, మోకాళ్ళ నొప్పులు, పైగా మా ఆయన పోయాక కొట్టు చూసుకునేది నేనొక్కదాన్నే. చింతపండు తూస్తున్నదాన్ని తూస్తున్నట్టే వదిలేసి ఫోన్ అందుకోవాలి. వాళ్ళడిగే ప్రశ్నలన్నీ నాకు కంఠతా వచ్చు. జిల్లా, మండలం, ఊరు, దగ్గర్లో గుర్తు, ఆడా మగా, వయసెంత, స్పృహ ఉందా, ఊపిరి ఆడుతోందా. జిల్లా మారిన కొత్తలో అలవాటుకొద్దీ గుంటూరు అనేదాన్ని. "బెల్లంకొండ మండలం పల్నాడు కదమ్మా" అని అవతలి పిల్ల సరిదిద్దేది. ఇప్పుడు తడబడటం లేదు. అంత అలవాటైపోయింది, అంత విసుగూ పుట్టింది.

ఇన్నేళ్ళలో నేను చూసిందేమిటంటే, ఫోన్ చేశాక ఆగడం మావాళ్ళకు చేతకాదు. పడిపోయిన మనిషి పక్కన చేతులు కట్టుకుని కూర్చోవడం మాకు పాపం చేసినట్టుగా ఉంటుంది. పది నిమిషాలు తిరక్కుండానే మనిషిని ఆటోలోనో ట్రాక్టరు ట్రక్కులోనో వేసుకుని అంబులెన్సుకు ఎదురు బయల్దేరతారు. ఎదురెళ్తే సగం దారి కలిసొస్తుందని లెక్క. మా ఊరి నుంచి పెద్దరోడ్డుకు రెండు దారులున్న సంగతి ఆ సమయంలో ఎవరికీ గుర్తుండదు. ఒకటి తారు రోడ్డు, నాలుగు ఊళ్ళు చుట్టి వెళ్తుంది. రెండోది సాగర్ కాలువ కట్ట. దగ్గరే గానీ అంతా గతుకులు. పెద్దరోడ్డుకు కాస్త ఇవతల రెండూ కలుస్తాయి.

పోయిన మిరప కోతలప్పుడు మా పక్కింటి వదిన కల్లంలో తెల్లబడిన తాలు కాయలు ఏరుతూ ఏరుతూ కూలబడిపోయింది. వాళ్ళది వ్యవసాయం, మాది వ్యాపారం. కులాలు వేరైనా ముప్పై ఏళ్ళుగా గోడకు గోడ ఆనుకుని ఉన్నవాళ్ళం కాబట్టి ఆమె నాకు వదిన, ఆమె భర్త అన్నయ్య. వదిన గొంతు వీధి చివరి దాకా వినపడేది. పొద్దున్నే మా కొట్టు ముందు నిలబడి "ఏమే తూకాలమ్మా, ఇయ్యాల కాటా ఎటు మొగ్గిందే?" అని నలుగురిలో నన్ను ఏడిపించకపోతే ఆమెకు తెల్లారేది కాదు. నేనూ ఊరుకునేదాన్ని కాదు. "నీ నోరు తూచే కాటా ఇంకా రాలేదులే వదినా" అనేదాన్ని. ఊళ్ళో నాకు మనసిచ్చి మాట్లాడే మనిషి ఆమె ఒక్కతే.

మధ్యాహ్నం రెండు గంటలప్పుడు ఆమె మరిది పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"అక్కా, మా వదినకు నోరు వంకర పోయింది. కుడి చెయ్యి లేవట్లా. ఫోన్ చెయ్యక్కా!"

ఫోన్ తీసుకుని కల్లంలోకి పరిగెత్తాను. పరదా పట్టా మీద, కాయల పక్కన పడుకోబెట్టారు. తోటికోడలు తల ఒళ్ళో పెట్టుకుని విసురుతోంది. వదిన నన్ను చూసి ఏదో అనబోయింది. మాట ముద్దగా వచ్చింది, ఒక్క అక్షరం అర్థం కాలేదు. ఆమె పక్కన చతికిలబడ్డాను. అలాగే ఫోన్ చేశాను, అడిగినవన్నీ చెప్పాను. ఇరవై అయిదు నిమిషాల్లో బండి వస్తుందని, మనిషిని అక్కడే ఉంచమని, దారి కోసం డ్రైవరు ఇదే నంబరుకు ఫోన్ చేస్తాడని అవతలి అమ్మాయి చెప్పింది.

"ఇరవై అయిదు నిమిషాలంటే గంట" అన్నాడు మరిది. "ఈడ కూచుని ఏం జేస్తాం? నా ట్రాలీ ఆటోలో ఏసుకుని కట్ట మీదగా ఎదురెళ్తే సగం దారిలో కలుద్ది."

వద్దు అనాల్సింది. ఇన్నిసార్లు ఫోన్ చేసినదాన్ని, ఇలా ఎదురెళ్ళి తప్పిపోయినవాళ్ళను చూసినదాన్ని, ఆ ఒక్క మాట అనాల్సింది. కానీ వదిన ఎడమ చేత్తో నా చీర కొంగు పట్టుకుని లాగుతోంది. ఏదో ఒకటి చెయ్యమన్నట్టుగా ఉంది నాకు. చూస్తూ నిలబడలేకపోయాను.

"సరే, పోండి. కట్ట మీదగా వస్తన్నారని డ్రైవరుకు నేను చెప్తాలే" అన్నాను.

ఆ మాట ఇచ్చింది నేనే. ఇంకెవరో కాదు.

ట్రాలీ కదిలింది. మళ్ళీ 108 నొక్కబోతుండగానే ఫోన్ మోగింది. నడికుడి నుంచి వదిన చెల్లెలు. "మా అక్కకు ఏమైందంట?" అని ఏడుపు. ఆమెకు అంత తొందరగా ఎవరు చెప్పారో నాకిప్పటికీ తెలియదు. ఆమెను ఓదార్చి పెట్టేశానో లేదో, గుంటూరు మిర్చి యార్డు నుంచి అన్నయ్య. ఆయన ఫోన్ ఎత్తకుండా ఎలా ఉంటాను? జరిగింది చెప్పాను, నరసరావుపేట ఆసుపత్రికి నేరుగా రమ్మన్నాను. ఆ వెంటనే పిడుగురాళ్ళ నుంచి వదిన కూతురు. ఆ తర్వాత వదిన పుట్టింటివాళ్ళు. ప్రతివాళ్ళకూ మొదటి నుంచి చెప్పాలి. ఎప్పుడు పడింది, ఎవరు చూశారు, పొద్దున ఏం తిన్నది. మా వైపు ఇలాంటి వేళ ఫోన్ ఎత్తకపోతే ఆ మాట మనవల కాలం దాకా పోదు. పెళ్ళికి పిలవకపోయినా మర్చిపోతారు గానీ దీన్ని మర్చిపోరు.

మాట్లాడుతున్నంతసేపూ చెవిలో టిక్ టిక్ మని ఇంకో ఫోన్ వస్తూనే ఉంది. ఒకసారి తీసి చూశాను, పేరు లేని నంబరు. ఎవరో చుట్టమే, కాసేపు ఆగలేరా అని విసుక్కున్నాను. నిజంగా అదే అనుకున్నాను. విసుక్కుని, పుట్టింటివాళ్ళకు మళ్ళీ మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాను.

మా కొట్టు ముందు అంబులెన్స్ వచ్చి ఆగింది. డ్రైవరు దిగీ దిగకముందే అడిగాడు.

"పేషెంట్ ఏరమ్మా?"

"కట్ట మీదగా ఎదురొచ్చారే! నీకు కనపళ్ళా?"

"నాకెట్టా తెలుసుద్దమ్మా? రెండు దార్లు కలిసేకాడ బండి ఆపి పది నిమిషాలు మీకే ఫోన్ చేశా. నాలుగుసార్లు చేశా. ఎప్పుడు చేసినా బిజీ అంటంది. ఏదైతే అదైద్దని తారు రోడ్డు పట్టుకుని వచ్చా."

అతని గొంతులో కోపం లేదు. నా కొట్టు లాంటి కొట్లు, నా లాంటి వాళ్ళు అతనికి రోజూ తగులుతుంటారు కాబోలు. బండి తిప్పుకుని వెళ్ళిపోయాడు. అప్పుడు మరిదికి ఫోన్ చేశాను. కట్టకు గండి పూడుస్తున్నారట. కట్ట చివర్లో పొక్లెయిన్ అడ్డంగా ఉంది. ట్రాలీ ముందుకు పోదు, తిప్పుకోవడానికి చోటు లేదు. దాన్ని తియ్యమని వాళ్ళతో గొడవపడుతూ నాకు ఫోన్ చెయ్యలేదట. దార్లు కలిసే చోటుకు అక్కడి నుంచి ఎంతో దూరం లేదు. డ్రైవరు అక్కడ ఆగి నాకు ఫోన్ చేస్తున్నంతసేపూ వదిన గండికి ఇవతల ఎండలో ఉంది. తర్వాత అతను మళ్ళీ చుట్టు తిరిగి అక్కడికే వెళ్ళి, స్ట్రెచర్ మీద బురద దాటించి ఎక్కించుకునేసరికి ముప్పావు గంట పోయింది.

సాయంత్రం కొట్టు కట్టేసి బస్సులో నరసరావుపేట వెళ్ళాను. ఎప్పుడు మొదలైందని డాక్టరు అడిగితే, పదకొండు గంటలప్పుడే చెయ్యి తిమ్మిరెక్కిందని అమ్మ తనతో ఫోన్లో అన్నదని కూతురు చెప్పింది. పక్షవాతానికి ఒక ఇంజెక్షన్ ఉందట, మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలట. "అరగంట ముందు వచ్చినా ఇచ్చేవాళ్ళం" అన్నాడు డాక్టరు. ప్రాణానికి భయం లేదని, కుడి పక్క, మాట మాత్రం తిరిగొస్తాయో లేదో చెప్పలేమని అన్నాడు.

అరగంట. వరండాలోకి వచ్చి ఫోన్ తీసి చూసుకున్నాను. ఒకే నంబరు నుంచి నాలుగు మిస్డ్ కాల్స్, ఎర్రగా. ఒక్కొక్కదాని మీదా వేలు నొక్కిపట్టి నాలుగూ చెరిపేశాను. నా ఫోన్ ఎవరు చూడబోయారు? అయినా చెరిపేశాను. నా మీద నాకే అసహ్యం వేసింది. అసహ్యం వేస్తుండగానే అన్నయ్య వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

"నువ్వు లేకపోతే మీ వదిన ఆ కల్లంలోనే పోయేదమ్మా" అని ఏడ్చాడు.

చెప్పేయొచ్చు. నోటి దాకా వచ్చింది. "ఊరుకో అన్నయ్యా" అన్నాను, అంతే. ఊళ్ళో కూడా అదే మాట. దేవతలా ఆదుకున్నానట. కట్ట మీద తీసుకుపోయినందుకు మరిదిని మాత్రం అందరూ నాలుగు తిట్టారు. అతను తలొంచుకుని పడ్డాడు. నేను విన్నాను.

వదినను ఇంటికి తెచ్చారు. కుడి కాలూ చెయ్యీ పడిపోయాయి, మాట రాలేదు. చూసుకోవడానికి కూతురు వచ్చి ఉంది. మనం చెప్పేవన్నీ ఆమెకు బాగా తెలుస్తాయని, తిరిగి చెప్పలేకపోతోందంతేనని డాక్టరు చెప్పి పంపాడట. రోజూ మధ్యాహ్నం కొట్టు మూసి వెళ్ళి అన్నం నేనే తినిపించేదాన్ని. పప్పన్నం మెత్తగా పిసికి, చిన్న ముద్దలు చేసి ఎడమ బుగ్గ వైపు పెట్టాలి. కూతురు పెడితే మొండికేసేది, నేను పెడితే తినేది. ఆ వీధి వీధంతా వినపడిన గొంతు లేని ఇంట్లో కూర్చుంటే నాకు నా మాటే వినపడేది. ఊళ్ళోవాళ్ళు ఇప్పటికీ ఫోన్ చెయ్యమని నా దగ్గరికే వస్తున్నారు. ఇప్పుడు 108కి చేశాక ఇంకెవరు ఫోన్ చేసినా ఎత్తను. ఇద్దరు ముగ్గురికి కోపాలొచ్చాయి. రానీ.

నెల కిందట ఒక మధ్యాహ్నం కూతురు బట్టలు ఆరేయడానికి మేడ మీదికి వెళ్ళింది. వదిన తిని, గోడకు ఆనుకుని కూర్చుంది. ఆమె మంచి చెయ్యి నా చేతిలో ఉంది. మొత్తం చెప్పేశాను. నేనే పొమ్మన్నానని, నేనే చెప్తానన్నానని, నాలుగుసార్లు ఫోన్ వచ్చినా ఎత్తలేదని, ఆ గుర్తు కూడా లేకుండా చెరిపేశానని. అన్నయ్యకు చెప్పలేకపోయాను. ఊళ్ళో తిట్లు పడుతున్న మరిదికీ చెప్పలేకపోయాను. వదినకు ఎందుకు చెప్పగలిగానో నాకు తెలుసు. ఆమె ఇంకెవరికీ చెప్పగలిగేది కాదు కాబట్టి.

వదిన నా ముఖంలోకి చాలాసేపు చూసింది. తర్వాత తన చెయ్యి వెనక్కి తీసుకుంది.

మర్నాడు ముద్ద పెట్టబోతే నోరు తెరవలేదు. ఆ మర్నాడూ అంతే. బతిమాలాను, బుగ్గ నిమిరాను. పళ్ళు బిగబట్టి కిటికీ వైపు చూస్తూ కూర్చుంది.

"ఏంది అత్తా, నిన్న మొన్నటి దాకా నీ చేత్తో పెడితేనే తినేది గదా" అని నా చేతిలో కంచం తీసుకుంది కూతురు. "నీ మీద ఎందుకో అలిగినట్టుంది."

"ఏమోనమ్మా" అన్నాను.

కూతురు పెట్టిన మొదటి ముద్దకే వదిన నోరు తెరిచింది. ఇప్పటికీ రోజూ ఆ వేళకు వెళ్తున్నాను. ఆమె తిన్నంతసేపూ గుమ్మం దగ్గర నిలబడి వస్తున్నాను. వెళ్ళకపోతే, ఎందుకు రాలేదని అడుగుతారు.