ఫాక్స్‌ప్రోలో చేల పేర్లు

నాకు వచ్చిన కంప్యూటర్ భాష ఒక్కటే, ఫాక్స్‌ప్రో. పాతికేళ్లుగా దాని మీదే బతుకుతున్నాను. ఈ మాట చెబితే ఇప్పటి పిల్లలు నన్ను జాలిగా చూస్తారు. దాన్ని తయారుచేసినవాళ్లే ఎప్పుడో వదిలేశారట. వదిలేస్తే వదిలేశారు, నేను వదల్లేదు.

కడప దగ్గర మగ్గాల ఇంట్లో పుట్టాను. డిగ్రీ అయ్యాక కడపలో ఏడురోడ్ల దగ్గర ఒక కంప్యూటర్ సెంటర్‌కి పోతే, బోర్డు మీద అరడజను భాషల పేర్లున్నాయి. ఏది నేర్చుకోవాలో తేలక వారం రోజులు ఇంట్లో అందరి ప్రాణాలూ తీశాను. మా నాన్న మగ్గం గుంతలోంచి కాళ్లు తియ్యకుండానే విసుక్కున్నాడు.

"ఒగటి నేర్చుకోమ్మా, సక్కంగా నేర్చుకో. ఈ అంచు తప్ప నాకేం వచ్చు? నా చీర ఎవురన్నా వద్దన్యారా?"

ఆయన మాట ఒక్కటే కాదు, ఆ సెంటర్లో అర్థమయ్యేలా పాఠం చెప్పే మాస్టారు కూడా ఒక్కడే, ఆయన చెప్పేది ఫాక్స్‌ప్రో. అదే నేర్చుకున్నాను.

కర్నూల్లో ఒక విత్తనాల కంపెనీలో ఉద్యోగం వచ్చింది. ఊళ్లలో రైతులు కంపెనీ కోసం సీడు పత్తి వేస్తారు. పూత రోజుల్లో ఆడవాళ్లు ఒక రకం పుప్పొడిని ఇంకో రకం పువ్వులకు ఒక్కొక్కటిగా చేత్తో అద్ది క్రాసింగ్ చేస్తారు. పండిన విత్తనం మా గోడౌన్‌కి వచ్చాక ఒక్కో రైతు సంచుల్లోంచి పిడికెడు తీసి పరీక్షకు నాటుతారు. వేరే రకం మొక్కలు మొలిచాయా, ఆ రైతు విత్తనమంతా ఫెయిల్, నూనె మిల్లుకు పోవాల్సిందే. ఎవరిది పాసో ఎవరిది ఫెయిలో చెప్పే ప్రోగ్రాం నాది.

మొదటి ఏడాదే ఒక ఘనకార్యం చేశాను. బనగానపల్లె వైపు ఒక ఊళ్లో ఇంటింటికీ పెద్దకొడుక్కి గుట్ట మీది దేవుడి పేరే పెడతారు. ఇంటిపేరూ అందరిదీ ఒకటే. తండ్రుల పేరు అడిగితే అదీ చాలామందికి ఆ దేవుడిదే. జాబితాలో ఒకే పేరు పదకొండుసార్లు కనపడేసరికి, రాసినవాడు నిద్రమత్తులో రాశాడనుకుని పది తీసిపారేశాను. మా ఫీల్డు మనిషి, నెరిసిన మీసాలాయన, ఆ కాగితం చూసి కుర్చీలో కూలబడి నవ్వాడు.

"పదిమందిని ఒక్క దెబ్బకి సంపితివి గదమ్మా!"

మర్నాడు నన్ను స్కూటర్ మీద ఆ ఊరికి తీసుకుపోయాడు. అక్కడ మనిషిని పేరుతో చెబితే ఎవరికీ తెలియదు, చేను పేరుకు 'ఆయప్ప', అంటే ఆయన, తగిలించి చెప్పాలి. కుంటకింద చేనాయప్ప, జిల్లేళ్ల చేనాయప్ప, గుండ్ల చేనాయప్ప. రెండు రోజులు ఎండలో గట్ల మీద తిరిగి అన్నీ రాసుకున్నాను. వచ్చి నా ప్రోగ్రాంలో ఒక కాలమ్ పెంచాను, 'చేను పేరు' అని. ఆ తర్వాత ఏ పంటలోనూ ఒకరి విత్తనం ఇంకొకరి మీద పడలేదు. గొప్పలు చెప్పుకుంటున్నానంటారా? చెప్పుకుంటున్నాను.

నిరుడు మా ఓనర్ కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టించాడు. అది చేసేందుకు హైదరాబాద్ నుంచి ఒక ఇంజనీరమ్మాయి వచ్చింది. నా ఫైళ్లు ఆమెకు అప్పజెప్పాలి. ఆ సీజన్ అయ్యాక ఇక నాతో పనిలేదు. ఓనర్ ఈ సంగతి చాలా మెత్తగా చెప్పాడు, ఆ మెత్తదనానికే నాకు ఒళ్లు మండింది. ఈ వయసులో, ఒక్క భాషతో, నన్ను పిలిచి ఉద్యోగమిచ్చేదెవరు? భయపడ్డాను. ఎవరికీ కనపడనివ్వలేదు.

ఆ అమ్మాయి 'చేను పేరు' కాలమ్ దగ్గర ఆగింది.

"ఇది అవసరం లేదు మేడమ్, ఫోన్ నంబర్ ఉందిగా."

"ఆ ఊళ్లో అందరూ, రైతులకూ మనకూ మధ్యనుండే ఆర్గనైజర్ నంబర్ ఒక్కటే ఇస్తారమ్మా" అన్నాను.

"చూస్తాను మేడమ్" అంది. చూడలేదు. నేనూ రెండోసారి చెప్పలేదు. పోయేదాన్ని నాకెందుకులే అన్న రోషం. ఆ రోషానికి ఇప్పటికీ సిగ్గుపడతాను.

పరీక్ష ఫలితాలు వచ్చాయి. ఆ ఊళ్లో ఒక్కరి విత్తనం ఫెయిలైంది. ఒకే పేరు, ఒకే ఫోన్ నంబర్ కదా, కొత్త సాఫ్ట్‌వేర్‌కు ఆ పదకొండుమందీ ఒక్కడే. అందరిదీ ఫెయిలని కబురు పోయింది. మర్నాడు పొద్దున్నే పదకొండుమందీ మా ఆఫీసు గేటు దగ్గర నిలబడ్డారు.

"మా ఇంట్లో ఆడోళ్లు నడుములు ఇరగ్గొట్టుకోని క్రాసింగ్ జేసినారమ్మా. యాల వద్దంటాండారు?" అన్నాడు ముందున్నాయన.

ఓనర్ నా వైపు చూశాడు.

కొత్తది కుదురుకునేదాకా పాతదాంట్లో కూడా ఎక్కించమన్నారు గనక, ఆ పంట వివరాలన్నీ నా కంప్యూటర్లో ఉన్నాయి. ఆన్ చేసి ఒక్కొక్కరినీ నా గదిలోకి రమ్మన్నాను.

"చేను పేరు జెప్పప్పా."

"కుంటకింద చేను."

"పాస్."

"జిల్లేళ్ల చేను."

"పాస్."

అలా పదిమందీ పాస్. ఇంజనీరమ్మాయి నా పక్కన నిలబడి చేల పేర్లన్నీ రాసుకుంటోంది.

చివరాయన గడపలోనే ఆగిపోయాడు. గుండ్ల చేనాయప్ప. ఆ మొదటి ఏడాది ఎండకు నాకు కళ్లు తిరిగితే, గట్టు మీద కూర్చోబెట్టి మజ్జిగ తాగించిన మనిషి. మిగిలింది ఆయన చేను ఒక్కటే. కొట్టి చూడాల్సిన పని లేదు. కీబోర్డు పక్కకు జరిపాను.

"జెప్పుమ్మా" అన్నాడు. "పక్క చేండ్లో ఇంగో రకం పత్తి ఏసినారు. పూత నాడే నాకు అనుమానం ఉండాది. ఫెయిలైంటే నాదని జెప్పు, నేను పడ్తా. నా పేరు పెట్టుకున్న పాపానికి వాళ్లందరూ యాల పడల్ల?"

"గుండ్ల చేను, ఫెయిల్" అన్నాను.

ఆయన తలూపి బయటికి పోయాడు. "మీవన్నీ పాసంట, పాండి పోదాం" అని మిగతావాళ్లతో అనడం కిటికీలోంచి వినపడింది.

ఆ మధ్యాహ్నమే ఓనర్ నన్ను ఉద్యోగంలో ఉండమన్నాడు. ఉంటాను గానీ ముందు ఆ కాలమ్ పెట్టించండి, అన్నాను. ఇరవై అక్షరాలు సరిపోతాయా మేడమ్, అని అడిగింది ఇంజనీరమ్మాయి. నలభై పెట్టమన్నాను. అందులో నేను మొదట ఎక్కించిన పేరు గుండ్ల చేను. పక్కన ఫెయిలనే మాట కూడా ఎక్కించాను, ఆయన ఒక్కడికే.

ఈ ఏడు ఫలితాలు వచ్చిన రోజు కొత్త కంప్యూటర్లో చూశాను. గుండ్ల చేను, పాస్. నమ్మకం చాలక నా పాతదాంట్లోనూ చూశాను. ఆర్గనైజర్‌కి ఫోన్ చేస్తే సరిపోయేది, చెయ్యలేదు. బస్సెక్కి ఆ ఊరికి పోయాను. గట్టు మీద నిలబడి "గుండ్ల చేనప్పా!" అని కేకేశాను. ఆ ఊళ్లో ఆ పేరుకు పలికింది ఆయన ఒక్కడే.